రెండంగుళాల గుండు, ముప్పావంగుళం కాడ

లాస్ మాతాస్ మకాం
సెప్టెంబరు 12

ఫౌస్టినో మరిదీ,

గొర్రెలు బాగున్నాయి, నేనూ బాగానే ఉన్నాను. ఇంటి రేకుల్లో ఒకటి మాత్రం గాలికి లేచిపోయి ఇంతవరకూ దొరకలేదు. మీ అన్న పోయాక నేను నీకు ఉత్తరం రాయడం ఇది రెండోసారో మూడోసారో. ఇప్పుడు కూడా పని పడే రాస్తున్నాను. అలగకు.

ఈ ఏడు మంచు ముందే కరుగుతోంది. కొండ కింద వాగు పొంగి గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతోంది. తప్పిపోయిన గొర్రెని వెతుక్కుంటూ అటు వెళితే, విరిగిన గట్టులోంచి ఏదో బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. చెట్టు మొద్దనుకున్నా. మన దిక్కున చెట్టెక్కడిది చెప్పు? దగ్గరికెళ్లి చెయ్యి వేశా. చల్లగా, బరువుగా, రాయిలాగే ఉంది. కానీ చచ్చిన గుర్రాన్ని గాలి ఎండబెట్టేస్తే తొడ ఎముక చివర బుడిపె ఎలా కనిపిస్తుందో, సరిగ్గా అదే ఆకారం. ఆ బుడిపె ఒక్కటే నేను మాంసం వండే కుండంత ఉంది. దాని పక్కనే చతికిలబడ్డాను మరిదీ. గొర్రె సంగతి మర్చేపోయాను.

బస్సు డ్రైవరుతో పట్నం మ్యూజియానికి కబురు పెడితే లీలియా అని ఒక పిల్ల వచ్చింది. ఎముకల చదువు చదివిందట. సన్నగా ఉంటుంది, మన గాలికి నిలబడుతుందా అనుకున్నా, కానీ గట్టి పిండం. నెల్లాళ్లుగా నా దగ్గరే ఉండి కుంచెలతో, సూదులతో మట్టి రాలుస్తోంది. నిన్నటికి ఎముక మొత్తం బయటపడింది. నేను దాని పక్కనే వెల్లకిలా పడుకుని, తలపైకి చెయ్యి చాపి చూశా. అవతలి కొస అందలేదు. ఒక్క తొడ ఎముక! తొంభై మిలియన్ల ఏళ్ల కిందటి రాకాసి బల్లిదట.

విరిగిన కాలికి చుట్టినట్టు దానికి సున్నం పట్టీ చుట్టి అట్టేపెట్టాం. మ్యూజియం ట్రక్కు జనవరికి గానీ రాదట. జనవరిదాకా ఆ గట్టు ఉంటుందా? రోజుకింత వాగులోకి జారుతోంది. ఇంకొక్క పెద్ద వరద వస్తే అన్నీ గులకరాళ్లే. అందుకే మేమే దించి, ఏరు దాటించి, పాసో బ్లాంకో ఊళ్లో బడి షెడ్డులో పెడదామనుకున్నాం. పొరుగు మకాం సెగుండో తన ట్రక్కు ఇస్తానన్నాడు. గొర్రెల్ని తోలే ట్రైలరు బడివాళ్లది ఉంది. ట్రక్కు వెనక ట్రైలరు తగిలించే గుండు మాత్రం అరిగిపోయింది, తాళం అసలే లేదు. నీ కొట్లోంచి మంచిది ఒకటి చూసి పంపించు. తాళం కూడా గట్టిది పంపు, ఆ గతుకుల దారిలో గొళ్లెం దానంతటదే ఊడిపోతుంది.

ఇది విరిగితే నేను బతికుండి లాభం లేదు. నవ్వకు.

నీ వదిన
ఒటిలియా


త్రెలేవ్
సెప్టెంబరు 19

వదినా,

నవ్వాను. ఎందుకు నవ్వానో కూడా చెప్తా. ముప్పై ఏళ్లుగా ఈ కొట్లో కూర్చుంటున్నా. పడవ లాగడానికి గుండు కావాలన్నారు, గుర్రాల పెట్టెకన్నారు, ఒకాయన ఇల్లే లాక్కుపోతానన్నాడు. తొంభై మిలియన్ల ఏళ్ల కిందటి కాలు లాగడానికి గుండు కావాలని అడిగినదానివి నువ్వొక్కతివే. మా అన్న బతికుంటే ఏమనేవాడో తెలుసా? "మా ఆవిడ మేకు అడిగిందంటే గోడ ఎక్కడో పెద్దదే ఉంటుంది" అనేవాడు.

సరే, పనిమాట. "మంచిది ఒకటి చూసి పంపు" అంటావేంటి వదినా, ఇదేమన్నా బంగాళాదుంపలా? నాకు మూడు కొలతలు కావాలి.

ఒకటి: ట్రైలరు మూతి. గుండు మీద టోపీలా కూర్చునేది. దాని నెత్తిమీద అంకె గుద్ది ఉంటుంది. పేడా రంగూ గీకి చూడు.

రెండు: గుండు. మూతికి ఏ అంకె ఉందో గుండుకీ అదే ఉండాలి. మనవైపు రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి నిండు రెండంగుళాలు. ఇంకోటి దానికంటే ఒక నూలు తక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కంటికి రెండూ ఒకటే. చిన్న గుండు మీద పెద్ద మూతి పెట్టినా కూర్చుంటుంది, గొళ్లెం పడుతుంది, తాళం కూడా పడుతుంది. మొదటి గోతిలో ఎగిరి బయటికొస్తుంది.

మూడు: ట్రక్కు బంపరులో బెజ్జం. గుండు కింద కాడ ఉంటుంది కదా, బోల్టులాగా, అది దూరే బెజ్జం. ముప్పావంగుళం ఉందో, అంగుళం ఉందో చూడు. సెగుండోని అడగొద్దు. సెగుండో ప్రతిదానికీ "మామూలుదే" అంటాడు. నువ్వే కొలువు.

ఇంకోటి. ఎముక మరీ అంత ఉంటుందా? లీలియా అమ్మాయి నీతో పరాచికాలాడుతోందేమో కనుక్కో.

ఫౌస్టినో


లాస్ మాతాస్
సెప్టెంబరు 26

మరిదీ,

పరాచికాలా! నువ్వొచ్చి చూడు, నోట మాట రాదు.

మూతి గీకాను. పేడ కింద ఆకుపచ్చ రంగు, దాని కింద ఎరుపు, దాని కింద తుప్పు, తుప్పు కింద 2 అని ఉంది. నీకు కావాల్సిందదే కదా? బెజ్జం సంగతి ఏమిటంటే, సెగుండో ట్రక్కు వేసుకుని గొర్రెలమ్మడానికి పోయాడు, వారానికి గానీ రాడు. పోయే ముందు అడిగితే "మామూలు బెజ్జమే దోన్యా ఒటిలియా, అందరికీ ఉండేదే" అన్నాడు. దోన్యా అని మర్యాదకేం లోటు లేదు గానీ, నువ్వన్నట్టే! అందరికీ ఉండేది పంపించెయ్యి, అతనొచ్చేదాకా ఆగితే వాగు ఆగదు. నిన్న రాత్రి ఇంకో పెళ్ల పడింది. ఎముకకీ నీళ్లకీ మధ్య నాలుగడుగులు మిగిలాయి.

పొద్దున గొర్రెల్ని వదిలాక అక్కడికే వెళ్తున్నా. మాతే ఆకు కాచుకుని తీసుకెళ్లి దాని పక్కన కూర్చుని తాగుతా. లీలియా ఏవో చెప్తూ ఉంటుంది. ఆ జంతువు నడిచినప్పుడు ఈ కొండల్లేవట. మన వెనక ఆ పెద్ద పర్వతాలు కూడా లేవట! ఇక్కడంతా తడినేలట, అడవులట. నేను పుట్టినప్పటినుంచీ ఒక్క పచ్చచెట్టు నిటారుగా నిలబడ్డం చూడలేదు ఇక్కడ. "మరి ఎందుకు చచ్చిపోయింది?" అనడిగా. "తెలీదు అమ్మా" అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. అంత చదివి తెలీదంది. మళ్లీ తనే అంది, "ఇది పడిపోయాక దీన్ని ముట్టుకున్న మొదటి మనిషివి నువ్వే." నా చెయ్యి నేనే చూసుకున్నాను మరిదీ. కత్తి గాట్లు, ఉన్ని జిడ్డు. ఈ చెయ్యేనా అనిపించింది.

లోపల బిస్కెట్టులా బీటలువారి ఉందట. సున్నం పట్టీ పట్టి ఉంచుతోంది గానీ ఒక్కసారి కిందపడిందంటే బస్తాలకెత్తుకోవాల్సిందే అంది. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

పాసో బ్లాంకోలో దుకాణం రామొన్ నాకు పేరు పెట్టాడు, "ఎముకల ఒటిలియా" అని. నేను పిండి కొనడానికెళితే "ఏం దోన్యా, సూపు ఎప్పుడు పెడతావు, కుండ దొరికిందా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేసి వస్తా. ఎవరికీ చూడాలని లేదు. ఒక్కళ్లు రాలేదు. పోనీలే. వాళ్ల గొర్రెలు, వాళ్ల కష్టాలు వాళ్లవి.

తొందరగా పంపు.

నీ వదిన
ఒటిలియా


త్రెలేవ్
అక్టోబరు 3

వదినా,

నీ ఉత్తరం చదివి కొట్టు మూశాక ఒక పని చేశా. తాడు తీసుకుని, నువ్వు పడుకుంటే అందలేదన్నావే, నీ పొడుగు నాకు తెలుసు కదా, ఆ లెక్కన కొట్టు నేల మీద సుద్దతో గీశా. గుమ్మం దగ్గర మొదలుపెడితే నట్ల అలమర దాకా వచ్చింది. కుర్చీ లాక్కుని దాన్నే చూస్తూ కూర్చున్నా. పొద్దున చెరపలేదు. వచ్చినవాళ్లంతా దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగొస్తున్నారు. నేనేం చెప్పలేదు. వాళ్లే తొక్కట్లేదు.

పోయిన ఉత్తరంలో నవ్వినందుకు ఏమనుకోకు.

బస్సు డ్రైవరు చేతికి పెట్టె ఇచ్చా. అందులో ఉన్నవి: నిండు రెండంగుళాల గుండు, నట్టు, పళ్ల వాషరు. కాడ అంగుళం లావుది. ఆ రకం ట్రక్కులకి ఎక్కువగా అంగుళం బెజ్జమే ఉంటుంది. కానీ ఇది నా ఊహ వదినా, కొలత కాదు. దూరకపోతే వెంటనే తిరిగి పంపు, మార్చి ఇస్తా. పెద్ద తల, సన్న కాడ ఉన్న రకం కూడా ఉంది, ముప్పావుది. నా దగ్గర అయిపోయింది, తెప్పించాలి.

తాళాలు రెండు. పొట్టిది మూతి గొళ్లేనికి. పొడుగు పిన్నుది, గొలుసులు తగిలించే బంపరు కొక్కేనికి. రెంటికీ ఒకే తాళంచెవి, అదే బేరం చేసి తీసుకున్నా. దుమ్ము పోకుండా రబ్బరు మూత ఉంది, అది తీసి పారెయ్యకండి. ట్రైలరు గొలుసులు కింద అడ్డంగా కత్తెర వేసి తగిలించండి, ముక్కు కిందపడినా గొలుసుల మీద ఆగుతుంది. ఆగుతుందంటే, ఆ బరువుకి ఆ తుప్పు గొలుసులు ఎంతసేపు ఆగుతాయో నాకు తెలీదు.

ఒకటి బాగా గుర్తుపెట్టుకో. తాళం గొళ్లేన్ని మాత్రమే పట్టుకుంటుంది. మూతిలో గుండు సరిపోకపోతే ఎంత తాళం వేసినా లాభం లేదు.

ఎక్కాక నెమ్మదిగా నడపమను. మనిషి నడిచినంత వేగం. సెగుండోకి ఎవరన్నా దాటిపోతే పౌరుషం వస్తుంది, పక్కనే కూర్చో.

ఫౌస్టినో


లాస్ మాతాస్
అక్టోబరు 14, మంగళవారం

మరిదీ,

బస్సు గుమ్మంలో ఉంది, డ్రైవరు మాతే తాగుతున్నాడు, అతను గ్లాసు దించేలోపు రాయాలి.

పెట్టె అందింది. ఎంత బాగుందో ఆ గుండు, అద్దంలా మెరుస్తోంది, నా మొహం కనిపించింది, ముసలిదాన్నైపోయాను. కానీ దూరలేదు. బెజ్జం ముప్పావుదేనట. సెగుండో బెజ్జంకేసి, కాడకేసి చూసి "ఇది పట్నం బెజ్జాలకి చేశారు" అన్నాడు. తిరిగి పంపుదామనుకున్నా. ఈలోగా వాగు ఇంకో రెండడుగులు తినేసింది. ఇంక ఆగడానికి లేదు మరిదీ.

నువ్వు కంగారు పడకు. సెగుండో దారి చూశాడు. అతని పాత గుండు నీ లెక్కలో ఒక నూలు తక్కువది, దాన్నే మళ్లీ బిగించాడు. పచ్చితోలు పట్టీ నానబెట్టి దాని చుట్టూ చుట్టి, లాగి కుట్టి, రెండ్రోజులు గాలికి ఎండబెట్టాడు. కొమ్ములా గట్టిపడింది! సుత్తితో కొడితే సుత్తే ఎగిరింది. ఇప్పుడు మూతి దాని మీద బూటు కాలికెక్కినట్టు కూర్చుంది, ఇంతైనా కదలదు. నీ తాళం వేశాం, టక్కున పడింది. మా తాతల కాలం నుంచీ తోలుతో కట్టనిదేముంది ఇక్కడ? కళ్లేలు, తలుపులు, విరిగిన చక్రాలు, అన్నీ దాంతోనే కదా. మీ అన్న మంచం కోడు కూడా అలాగే కట్టాడు, ఈనాటికీ ఊగలేదు.

రేపు బుధవారం అందరం పైకెళ్లి వాగు దగ్గరే గుడారం వేస్తాం. గురువారం ఎక్కిస్తాం. శుక్రవారం తెల్లారి బయల్దేరి సాయంత్రానికి ఏరు దాటేస్తాం. ఏరు కాస్త పెరిగిందంటున్నారు గానీ రేవు దగ్గర ట్రక్కు ఇరుసు దాకానే ఉందట.

నా గుండె ఎలా కొట్టుకుంటోందో! పెళ్లినాడు కూడా ఇంత లేదు.

డ్రైవరు లేచాడు.

ఒటిలియా


త్రెలేవ్
అక్టోబరు 16, గురువారం

వదినా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నా, రాయకపోతే చేతులు ఊరుకోవట్లేదు.

మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది. నుంచునే చదివా. పచ్చితోలు అన్న మాట దగ్గర ఆగిపోయా. వదినా, ఎండితే కొమ్మే. తడిస్తే? కళ్లేలు తడిస్తే ఏమౌతాయో నీకు తెలీదా, రాత్రంతా వానలో వదిలేసిన కళ్లెం పొద్దున నీ చేతిలో పేగులా జారలేదా? మీరు దాటేది ఏరు. ఇరుసు దాకా నీళ్లు. గుండు ఎక్కడుంటుంది, ఇరుసు ఎత్తులోనే కదా! ఏటి మధ్యలో తోలు మెత్తబడుతుంది, అవతలి గట్టు ఎక్కేప్పుడు ట్రైలరు వెనక్కి లాగుతుంది, మూతి ఎగిరిపోతుంది. తాళం వేసే ఉంటుంది. నేను పంపిన తాళం!

బస్సు మంగళవారం దాకా లేదు. ట్రక్కు అద్దెకడిగితే అక్కడిదాకా ఎవరూ రామన్నారు. ఇంక నాకొకటే తోచింది. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా రేడియో స్టేషనుకి పరిగెత్తా. పల్లెవాళ్లకి కబుర్లు చదువుతారే, ఫలానావారి కూతురు కాన్పైంది, ఫలానా గుర్రం దొరికింది అని, ఆ కబుర్లావిడని పట్టుకున్నా. మైకు దగ్గరికెళ్లబోతోంది. కాగితం మీద ఇలా రాసిచ్చా:

"లాస్ మాతాస్ ఒటిలియాకి, పాసో బ్లాంకో చుట్టుపక్కల విన్నవాళ్లందరికీ. తోలు చుట్టిన గుండుతో ఏరు దాటొద్దు. తడిస్తే ఊడుతుంది. ట్రైలరులో ఉన్నది విరిగితే మళ్లీ ఈ భూమ్మీద దొరకదు. రెండంగుళాల తల, ముప్పావంగుళం కాడ ఉన్న గుండు ఎవరి దగ్గరున్నా శుక్రవారం రేవు దగ్గరికి తీసుకెళ్లండి. దండం పెడతా. మరిది ఫౌస్టినో."

ఆవిడ చదివి, "ట్రైలరులో ఏముంది?" అంది. చెప్పా. ఒక్క క్షణం నాకేసి చూసి, "సాయంత్రమూ చదువుతా, రేపు మధ్యాహ్నమూ చదువుతా" అంది. చదివింది. నేను ఇంట్లో రేడియో ముందు కూర్చుని నా కబురు నేనే విన్నా. విన్నాక గుర్తొచ్చింది. నువ్వు వాగు దగ్గర గుడారంలో ఉన్నావు. అక్కడ నీకు రేడియో ఏది?

కొలవమని ఒకటికి రెండుసార్లు చెప్పాను కదా వదినా. కోపంగా ఉంది. భయంగా ఉంది. ఆ సుద్ద గీత ముందు కూర్చుని ఉన్నా.

ఫౌస్టినో


పాసో బ్లాంకో, బడి షెడ్డు
అక్టోబరు 19

ఫౌస్టినో,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశా. ఎలా చెప్పాలో తెలీడం లేదు. వరసగా చెప్తా, మధ్యలో ఏడిస్తే ఏమనుకోకు.

గురువారం ఎక్కించాం. సెగుండో, లీలియా, సాయానికి మ్యూజియం నుంచి వచ్చిన ఆమె తోటి కుర్రవాడు, నేను, రెండు గుర్రాలు. దుంగల మీద అంగుళం అంగుళం దొర్లించాం. కింద గొర్రెతోళ్లు పరిచి, పక్కల ఉన్ని బస్తాలు దోపాం. సున్నం పట్టీలో అదంతా ఒక తెల్లటి పెద్ద మూటలా ఉంది. మేం పైకి లాగిన గంటకి, అది పడుకున్న చోటు వాగులోకి దిగబడింది. చూస్తుండగానే. లీలియా నా చెయ్యి పట్టుకుంది.

శుక్రవారం తెల్లారి బయల్దేరాం. నేను ట్రక్కులో కూర్చోలేదు, ట్రైలరు పక్కనే నడిచా, ఒక చెయ్యి మూట మీద వేసి. దార్లో రెండు చిన్న కాలవలు దాటాం. చిటికెడు వాన కూడా పడింది. సెగుండో తల బయటపెట్టి, "చూశావా దోన్యా, నా తోలు ముందు పట్నం ఇనుమెంత!" అంటూనే ఉన్నాడు. నేనూ గర్వపడ్డా, అబద్ధమెందుకు.

పొద్దు వాలుతుండగా ఆఖరి ఏటవాలు ఎక్కాం. అక్కణ్ణుంచి ఏరు కనిపిస్తుంది నీకు గుర్తుందా? ఏరు కనిపించలేదు మరిదీ. మనుషులు కనిపించారు. ఇవతలి గట్టు పొడుగునా గుర్రాలు, ట్రక్కులు, పోంచోలు కప్పుకున్న మనుషులు. ఆడాళ్లు, చంటిపిల్లలు, కుక్కలు. మంటలు వేసి ఉన్నాయి. రెండు మంటల మీద మాంసం కాలుతోంది. ఈ మైదానంలో ఇంతమంది ఉన్నారని నాకు తెలీదు. ఎవరో చచ్చిపోయారనుకున్నా.

సెగుండో ట్రక్కు ఆపేశాడు. అందరూ మాకేసి చూస్తున్నారు. ముందుకొచ్చింది ఎవరనుకున్నావు, దుకాణం రామొన్. చేతులడ్డంపెట్టి, "ఆగు దోన్యా, ఆగు! నీళ్లలో దిగకు! నీ మరిది రేడియోలో మొత్తుకుంటున్నాడు!" అన్నాడు.

"ఏమని?" అన్నా.

"తోలు తడిస్తే ఊడుద్దంట!"

సెగుండోకి రోషం వచ్చింది. "ఎవడన్నాడు? కొమ్ము అది, కొమ్ము! రండి, చూడండి" అంటూ దిగి వెనక్కొచ్చి, ట్రైలరు ముక్కు కింద దుంగ పెట్టి, అందరికీ చూపించడానికి మూతి రెండు చేతులా పట్టుకుని పైకి గుంజాడు.

వచ్చేసింది. తాళం వేసే ఉంది ఫౌస్టినో. గొళ్లెం పడే ఉంది. మూతి గుండు మీంచి చప్పుడు లేకుండా లేచి సెగుండో చేతుల్లోకి వచ్చేసింది. ఆ రెండు కాలవలకీ, ఆ చిటికెడు వానకీ తోలు అప్పటికే ఉడికిన చర్మంలా జారిపోయి ఉంది. చివరి ఏటవాలు మేం ఎక్కింది దాంతోనే. నేను చెయ్యి వేసి నడిచింది దాని పక్కనే. సెగుండో మూతిని అలాగే పట్టుకుని నుంచున్నాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. నేను వెళ్లి చక్రాల కింద రాళ్లు పెట్టా.

అప్పుడు రామొన్ నేలమీద పోంచో పరిచాడు. "తియ్యండ్రా" అన్నాడు. జనం ఒక్కొక్కళ్లే వచ్చి జేబుల్లోంచి, జీను సంచుల్లోంచి గుండ్లు తీసి దానిమీద పెట్టారు. వాళ్ల వాళ్ల ట్రక్కుల్నుంచి ఊడదీసి తెచ్చినవి! తుప్పువి, నల్లవి, ఒకటి రంగేసింది, ఒకటి సగం అరిగింది. కొందరు రాత్రంతా గుర్రం మీద వచ్చారట. "కొలత తెలీదు, ఉన్నది తెచ్చా" అన్నవాళ్లే ఎక్కువ. రామొన్ మూడు తెచ్చాడు, ఒక్కటీ సరిపోలేదు, నిన్ను తిట్టుకున్నాడు, "ఇన్ని రకాలు అమ్మేదెవడు, ఆ ఫౌస్టినోయే కదా!" అని. అప్పుడు నవ్వారు అందరూ. నేనూ నవ్వా, ఏడుస్తూనే.

సరిపోయింది ఒకటే. అది తెచ్చింది ఎస్తేర్ అని ఉత్తరపు మకాం ఆవిడ, నాలాగే ఒంటరిది. ఎప్పుడో ఎవరి చావు దగ్గరో ఒకసారి చూశాను ఆవిడ్ని. పెద్ద తల, సన్న కాడ. బెజ్జంలో వేలు ఉంగరంలో దూరినట్టు దూరింది. నట్టు బిగించారు, మూతి దించారు, నీ తాళం వేశారు. నలుగురు మగాళ్లు మూతి పట్టుకుని పైకి గుంజినా కదల్లేదు. "అంత దూరం నుంచి వచ్చావా తల్లీ" అన్నా ఎస్తేర్‌తో. "రేడియోలో నీ మరిది గొంతు లేదు గానీ, అతని మాట విన్నాను. భూమ్మీద మళ్లీ దొరకదు అన్నాడు. అలాంటిదొకటి మా దిక్కున ఉందని నాకెవరూ చెప్పలేదు" అంది. "చూడొచ్చా?" అని కూడా అడిగింది, గుడికొచ్చినట్టు.

ఏరు దాటించడం చెప్తా విను. ట్రక్కు నీళ్లలో దిగింది. గుర్రాలవాళ్లు పైవైపు వరసగా నిలబడ్డారు, ప్రవాహం నేరుగా తగలకుండా. మిగతా మగాళ్లు ట్రైలరుకి రెండు పక్కలా మోకాళ్లలోతు నీళ్లలో, భుజాలానించి. ఆడాళ్లు వెనక తాళ్లు పట్టారు. ఆ చలిలో నీళ్ల చప్పుడు, ఇంజిను చప్పుడు, అంతే. నేను ఎస్తేర్ గుర్రం మీద వెనక కూర్చున్నా. ఇంతమంది మోస్తున్నారు దాన్ని, ఎవరో పెద్దమనిషిని ఇంటికి తీసుకొస్తున్నట్టు. అది బతికున్నప్పుడు ఈ నేలమీద ఒక్కతే నడిచిందో మందగా నడిచిందో నాకు తెలీదు. ఆ సాయంత్రం మాత్రం ఒంటరిగా లేదు.

అవతలి గట్టు ఎక్కేప్పుడు ట్రైలరు ఒక్క కుదుపు కుదిపింది. తోలైతే అక్కడే ఊడిపోయేది. మూతి పట్టుకుంది. గట్టెక్కాక ఇంజిను ఆపి, అందరం చెవులు రిక్కించాం. లీలియా మూటని తట్టి, చెవి ఆనించి చాలాసేపు విని, విరగలేదన్నట్టు తలూపింది. అప్పుడు అరిచారు చూడూ, కుక్కలన్నీ మొరిగాయి.

ఇప్పుడది షెడ్డులో ఉంది. నేను దాని పక్కనే బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. నా మంగళవారం ఉత్తరానికి నీ జవాబు ఇంకా అందలేదు. నీ తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నా, ఎన్ని రాస్తావో రాయి. ఎస్తేర్ గుండు ఆవిడకి ఇచ్చేశా. నువ్వు కొత్తదొకటి తెప్పించి సెగుండోకి పంపు, ఈసారి బెజ్జం నేనే కొలిచా, ముప్పావంగుళం, ఒట్టు.

నిన్న లీలియా ఒక పక్క పట్టీ కోసి తీసింది. జనం వరసకట్టి వచ్చి ఒక్కొక్కళ్లే అరచెయ్యి ఆనించి పోతున్నారు. రామొన్ రెండుసార్లు వరసలో నిలబడ్డాడు. నేను చూడనట్టు ఊరుకున్నా. అందరి తర్వాత దోన్యా సబీనాని తీసుకొచ్చారు, బడి మేష్టారి తల్లి. తొంభై దాటింది, చూపు పోయి చాలా ఏళ్లైంది. ఎవరి సాయం వద్దని, ఈ కొస బుడిపె మీద రెండు చేతులూ పెట్టి, తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. నడిచింది. నడిచింది. అవతలి కొస దగ్గరికొచ్చి ఆగి, ఊపిరి తీసుకుని, "ఇది ఒక్క ఎముకేనా?" అంది.

"ఒక్కటే అమ్మా. తొడది" అంది లీలియా.

ఆవిడ చేతులు దానిమీంచి తియ్యలేదు. మామూలుగా, ఇంటికి రాని మనిషి గురించి అడిగినట్టు అడిగింది: "మరి మిగతాదంతా ఏదీ?"

మరిదీ, షెడ్డులో ఉన్నవాళ్లందరం తలలు తిప్పి, తలుపులోంచి, ఏటి అవతల కొండకేసి చూశాం.

నీ వదిన
ఒటిలియా